బ్రౌజర్ టెస్టులు కంటైనర్లలో నడపాలా, ఉన్న మెషీను చాలదా?

బెళ్లందూరు టెస్టర్:
మాది 11 మంది జట్టు. ఆఫీసులో ఒక మూల పాత కంప్యూటర్ ఉంది. టెస్టులను వేళకు నడిపే జెంకిన్స్, క్రోమ్, డేటాబేస్ అన్నీ అందులోనే. రోజూ రాత్రి 2 గంటలకు బ్రౌజరును మనిషిలా నడిపించి సైటును పరీక్షించే సెలీనియం టెస్టులు దాదాపు 400 నడుస్తాయి. దాన్ని చూసుకునే సహోద్యోగి సంక్రాంతికి ఊరెళ్లారు. సరిగ్గా భోగి నాడు క్రోమ్ తనంతట తానే కొత్త వెర్షన్‌కు మారింది, టెస్టుల ఆదేశాలను దానికి అందించే డ్రైవరు పాతదే ఉండిపోయింది. ఒక్క టెస్టూ మొదలు కాలేదు. ఊళ్లో సిగ్నల్ అందే చోటు వెతుక్కుని, పెరట్లో నిలబడి ఆయన ఒక్కో కమాండ్ చెబుతుంటే ఇక్కడ నేను టైపు చేశాను. పండుగపూట ఆ మనిషిని అంత ఇబ్బంది పెట్టినందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. ఆ మెషీనులో ఏది ఎక్కడుందో ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు.
డాకర్‌కు మారుదామని నేనంటున్నాను, అంటే ప్రతి ప్రోగ్రామునూ దానికి కావలసినవన్నీ కలిపి కంటైనర్ అనే విడి పెట్టెలో నడపడం. క్రోమ్ అప్‌డేట్ ఆపేస్తే సరిపోతుంది కదా అని మేనేజరు అంటున్నారు. అనుభవం ఉన్నవారు చెప్పండి.

మారతహళ్లి పాతకాపు:
మీ మేనేజరు మాటను కొట్టిపారేయకండి. నేను ఇంతకుముందు పనిచేసిన చోట ఇదే ఉత్సాహంతో మారాం. మొదటి వారమే క్రోమ్ సగంలో కూలిపోవడం మొదలైంది. ఒకసారి 3 టెస్టులు, ఇంకోసారి 40. తర్వాత తేదీలకు సంబంధించిన టెస్టులు రాత్రిపూట మాత్రమే పడిపోయేవి, పగలు నడిపితే అన్నీ పచ్చగా ఉండేవి. ఆ పైన, కంటైనర్లకు అచ్చుల్లాంటి ఇమేజ్‌లు ఇంటర్నెట్ నుంచి దిగకుండా ఆగిపోయేవి. లాగిన్ లేకుండా దించుకునేవారికి ఒక్కో ఐపీ అడ్రసుకు 6 గంటల్లో 100 అని, ఆ ఇమేజ్‌లు ఉంచే డాకర్ హబ్ 2020 నవంబరులో పరిమితి పెట్టింది. ఆఫీసంతా ఒకే అడ్రసు మీద బయటికి వెళ్తుంటే ఆ 100 ఎంతసేపు ఉంటాయి? మూడు నెలలు దీనికే పోయాయి. ఆ మూడు నెలల్లో ఒక్క కొత్త టెస్టు రాయలేదు. వాడేవారికి కావలసింది తప్పులు లేని వెబ్‌సైటు. అది ఏ పెట్టెలో పరీక్షించామన్నది వారికి అనవసరం.

వైట్‌ఫీల్డ్ డెవలపర్:
పాతకాపు గారూ, మీరు పడిన కష్టాన్ని కాదనను, మేమూ అవన్నీ పడ్డాం. కానీ అందులో రెండింటి గురించి మాట్లాడాలి.
క్రోమ్ కూలడానికి కారణం చాలావరకు ఒకటే. డాకర్ ప్రతి కంటైనర్‌కూ ఇచ్చే షేర్డ్ మెమరీ, మనం మార్చకపోతే, 64 మెగాబైట్లు. పెద్ద పేజీ తెరవగానే క్రోమ్‌కు అది చాలదు. కంటైనర్ మొదలుపెట్టేటప్పుడు దాన్ని 2 గిగాబైట్లకు పెంచితే ఆ గొడవ తీరిపోతుంది. ఒక్క లైను మార్పు. ఆ లైను తెలియక వారాలు పోగొట్టుకున్నవారిని చాలామందిని చూశాను, అందుకే వివరంగా రాస్తున్నాను.
రాత్రి పడిపోయిన తేదీ టెస్టులంటారా, అక్కడ కంటైనర్ మీకు మేలే చేసింది. కంటైనర్ గడియారం మామూలుగా యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉంటుంది, మనం దానికి ఐదున్నర గంటలు ముందు. రాత్రి 2 గంటలకు మనకు కొత్త రోజు వచ్చేసింది, కంటైనర్‌లో ఇంకా నిన్నటి సాయంత్రం ఎనిమిదిన్నర. ‘ఈ రోజు బిల్లులు’ అని అడిగితే నిన్నటివి వస్తాయి. మూలనున్న మెషీను మన సమయంలో నడుస్తుంది కాబట్టి అది ఈ తప్పును ఎన్నడూ చూపించదు. క్లౌడ్‌లో అసలు సర్వర్లు ఎక్కువగా యూటీసీలోనే నడుస్తాయి. అంటే అర్ధరాత్రి దాటాక, తెల్లవారుజామున ఐదున్నరలోపు మీ సైటు తెరిచినవారికి ఆ తప్పు కనిపించే ఉంటుంది.

కె.ఆర్. పురం:
మారేటట్టయితే ఒక జాగ్రత్త. కంటైనర్ లోపలి నుంచి ఇంకో కంటైనర్ నడపడానికి హోస్ట్‌లోని, అంటే కంటైనర్లను నడిపే మెషీనులోని డాకర్ సాకెట్‌ను (డాకర్‌కు ఆదేశాలు అందే ద్వారాన్ని) లోపలికి ఇచ్చేస్తుంటారు. అలా ఇస్తే ఆ మెషీను మొత్తం మీద రూట్ అధికారం, అంటే సర్వాధికారం ఇచ్చినట్టే. బయటివారి కోడ్ నడిచే చోట అది అసలు చేయకండి.

మారతహళ్లి పాతకాపు:
తేదీ విషయం ఒప్పుకుంటున్నాను. నిజానికి మా బిల్లింగ్‌లో కూడా ఆ తప్పు ఉండేది, మూడు నెలల తర్వాత వాడేవారి ఫిర్యాదు వస్తే గానీ తెలియలేదు.
అయినా నా అసలు బెంగ వేరు. కంటైనర్లు వచ్చాక మా జట్టుకు ఒక చెడ్డ అలవాటు పట్టుకుంది. టెస్టు పడితే ‘డాకర్ గొడవలే’ అని చదవకుండానే మళ్లీ నడిపేవారు. రెండోసారి పచ్చబడితే రిలీజుకు పంపేసేవారు. చివరికి మూడుసార్లు దానంతటదే నడిచేలా పెట్టేశారు. అలా దాటిపోయిన వాటిలో ఒకటి డబ్బులు రెండుసార్లు కోసే తప్పు. పాత మెషీనులో టెస్టు పడితే మేం భయపడేవాళ్లం. ఆ భయం పోయింది. దీనికి మీ దగ్గర ఏ లైను ఉంది?

వైట్‌ఫీల్డ్ డెవలపర్:
దానికి ఏ లైనూ లేదు. మళ్లీ నడపడం మా దగ్గర పూర్తిగా ఆపేశాం. పడిన టెస్టును ఒకరు తీసుకుని కారణం రాసేవరకు ఆ మార్పు ముందుకు కదలదు. మొదటి రెండు వారాలు జట్టంతా విసుక్కుంది.
ఆ కారణాలు రాస్తుంటే తెలిసింది, మా తప్పుల్లో ఎక్కువ భాగం ఒకే చోటివి. ఏ కంటైనర్లు ఎలా లేవాలో రాసే కంపోజ్ ఫైలులో ‘డేటాబేస్ తర్వాత యాప్’ అని రాస్తే, డేటాబేస్ కంటైనర్ మొదలయ్యే వరకే అది ఆగుతుంది. లోపల డేటాబేస్ జవాబివ్వడానికి సిద్ధమైందో లేదో చూడదు. దాన్ని కప్పిపుచ్చడానికి ఎవరో 30 సెకన్లు ఆగమని రాశారు. సర్వరు మీద బరువు పెరిగిన రోజున ఆ 30 చాలేవి కావు. దాని బదులు హెల్త్‌చెక్ పెట్టి, డేటాబేస్ ‘ఆరోగ్యంగా ఉంది’ అన్నాకే యాప్ లేచేలా మార్చాం.
ఇంకొకటి, తెలుగు పేజీలు ఉన్నవారికి. మా సైటు కన్నడ, తెలుగు, ఇంగ్లీషు మూడింటిలో ఉంది. కంటైనర్‌లో తీసిన స్క్రీన్‌షాట్లలో ఇంగ్లీషు చక్కగా వచ్చింది, తెలుగు ఉండాల్సిన చోట వరసగా ఖాళీ డబ్బాలు. డెబియన్ లినక్స్ మీద కట్టిన చిన్న ఇమేజ్‌లో మన లిపుల ఫాంట్లు ఉండవు. బాధేమిటంటే టెస్టులన్నీ పాసయ్యాయి. పేజీలో అక్షరాలు ఉన్నాయా అని అడిగాం, కనిపిస్తున్నాయా అని ఎవరూ అడగలేదు. మన లిపులున్న నోటో ఫాంట్లు ఇమేజ్‌లో చేర్చాం, తెలుగు చదవగలిగిన నేను ఆ స్క్రీన్‌షాట్లను ఒక్కొక్కటే కూర్చుని చూశాను. ఒత్తులు సరిగ్గా కుదిరాయని కళ్లారా చూశాకే వాటిని నమూనాలుగా పెట్టాం.

బెళ్లందూరు టెస్టర్:
అందరికీ కృతజ్ఞతలు. మేనేజరుకు ఇదంతా చూపించాను. పాత మెషీనును తీసేయం. రెండు వారాలు రెండు చోట్లా అవే టెస్టులు నడుపుతాం, ఫలితం తేడా వచ్చిన ప్రతి టెస్టుకూ కారణం రాస్తాం. క్రోమ్, డ్రైవరు ఒకే ఇమేజ్‌లో, ‘లేటెస్ట్’ అని కాకుండా వెర్షన్ నంబరుతో ఉంటాయి.
ఇమేజ్ ఎలా కట్టాలో చెప్పే డాకర్‌ఫైల్ రాయడానికి ఆ సహోద్యోగి పక్కనే కూర్చున్నాను. ఆయన చెబుతుంటే రాయడం రెండోసారి, ఈసారి ఆఫీసులో. మొత్తం 46 లైన్లు వచ్చాయి. ఒక్కో లైను ఎందుకుందో పైన తెలుగులోనే రాయమన్నారు. అందులో 5 ఎందుకున్నాయో ఆయనకే గుర్తు లేదు. వాటిని ఒక్కొక్కటిగా తీసి చూస్తున్నాం.

మారతహళ్లి పాతకాపు:
ఆ 5 లైన్లు ఇక్కడ పెట్టండి. అలాంటివి నేనే చాలా రాశాను, బహుశా గుర్తుపడతాను.