మసాలా ఎంత వేసినా కోడి ముక్కకు రుచి పట్టడం లేదు: ఇంట్లో తేలికగా వండుకునే పద్ధతి చెప్పగలరా?

ప్రశ్న (అమలాపురం నుంచి)

అందరికీ నమస్కారమండి. ఉద్యోగరీత్యా మేమిద్దరం అమలాపురంలో అద్దె ఇంట్లో ఉంటున్నాం. ఆదివారాలే కాకుండా వారం మధ్యలో కూడా, సాయంత్రం పని నుంచి వచ్చాక గంటలోపు అయిపోయే కోడికూర ఇంట్లోనే వండుకోవాలని మా కోరిక. ప్రస్తుతం స్కిన్‌లెస్ బ్రాయిలర్ కోడి కిలో తెచ్చి, ఉల్లిపాయలు వేయించి, అల్లం వెల్లుల్లి ముద్ద, కారం, పొట్లం మసాలా వేసి, రెండు గ్లాసుల నీళ్లు పోసి కుక్కర్‌లో మూడు విజిల్స్ రానిస్తున్నాం. పులుసు ఫరవాలేదు గానీ, ముక్క మాత్రం లోపల చప్పగా, పీచుపీచుగా ఉంటోంది. మసాలా రెట్టింపు చేస్తే ఘాటు పెరిగిందే తప్ప ముక్కకు రుచి రాలేదు. ఇంటివాళ్లు వండే కోడి ఇగురు రుచి చూశాక, వారు వాడేవీ మేము వాడే దినుసులేనని తెలిశాక, తేడా ఎక్కడుందో తెలుసుకోవాలనిపిస్తోంది. పొడుల జాబితా కన్నా ఏది ఎప్పుడు వేయాలో, ఎందుకు వేయాలో ఎవరైనా వివరంగా చెబితే సంతోషిస్తాం. ఇక్కడ కొబ్బరికీ గోంగూరకూ లోటు లేదు కనుక, వాటితో తేలికగా చేసుకునే వంటకాలు ఉన్నా చెప్పండి.

జవాబు (పాలకొల్లు నుంచి)

మీరు రాసిన తీరులోనే చిక్కు తెలుస్తోందండి. బ్రాయిలర్ కోడి అంటే ఆరు వారాల లోపే కోతకు వచ్చే లేత కోడి. పచ్చి మాంసంలో నాలుగింట మూడు వంతుల దాకా నీరే ఉంటుంది, సెగ తగిలితే ముక్క బిగుసుకుని ఆ నీటిని బయటికి వదులుతుంది. దానికి తోడు మీరు రెండు గ్లాసుల నీళ్లు పోసి కుక్కర్ మూత పెడుతున్నారు కాబట్టి, ముక్క ఉడకడమే గానీ వేగడమనేది లేకుండా పోతోంది. గిన్నెలో నీరున్నంతసేపు వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది, ముక్క అంచులు ఎర్రబడి కమ్మని వాసన రావాలంటే అంతకు మించిన వేడి కావాలి. కుక్కర్‌లో వేడి మరో 20 డిగ్రీలు పెరుగుతుంది గానీ అక్కడ ఆవిరి తప్ప వేపుడు ఉండదు, పైగా అంత లేత ముక్క మూడు విజిల్స్‌కి పీచు తేలక మానదు. ఫారం కోడికి కుక్కర్ మానేసి, అడుగు మందంగా ఉన్న మూకుడు గానీ దాక గానీ వాడండి.

మొదట చేయాల్సిన పని ఉప్పు పట్టించడం. కిలో కోడికి రెండు చిన్న చెంచాల మెత్తని ఉప్పు, అర చెంచా పసుపు, ఒక పెద్ద చెంచా అల్లం వెల్లుల్లి ముద్ద, తగినంత కారం పట్టించి, పొద్దున్నే ఫ్రిజ్‌లో పెట్టి పనికి వెళ్లండి. అంత వీలు లేకపోతే కనీసం అరగంటైనా నాననివ్వండి. ఉప్పు మెల్లమెల్లగా ముక్క లోపలికి దిగుతుంది, నీటిని కూడా కొంత పట్టి ఉంచుతుంది. కారం, గరం మసాలా రాత్రంతా ఉంచినా చాలావరకు ముక్క పైనే ఉండిపోతాయి. అందుకే మీరు మసాలా రెట్టింపు చేసినా లోపలి చప్పదనం పోలేదు. దించేముందు పులుసులో వేసిన ఉప్పు ముక్కకు అందేలోపే కూర అయిపోతుంది.

ఆ తర్వాత నాలుగైదు పెద్ద చెంచాల నూనెలో మూడు ఉల్లిపాయలు సన్నగా తరిగి బాగా ఎర్రగా వేయించండి. ఇక్కడ తొందరపడితే కూరంతా పచ్చివాసన వేస్తుంది. నాలుగు పచ్చిమిరపకాయలు, రెండు రెబ్బల కరివేపాకు వేసి, అవి చిటపటలాడగానే కోడి వేసి, పెద్ద మంట మీద అయిదు నిమిషాలు అడుగంటకుండా తిప్పండి. తర్వాత మంట తగ్గించి మూత పెడితే, చుక్క నీరు పోయకపోయినా ముక్కలు మునిగేంత ఊట వస్తుంది, ఆ ఊటలోనే పది పన్నెండు నిమిషాలు ఉడకనివ్వండి. ఇప్పుడు మూత తీసి మళ్లీ మంట పెంచి, గరిటె పట్టుకుని దగ్గరే నిలబడాలి. మొదట గుడగుడమని ఉడికే శబ్దం వస్తుంది, నీరు తగ్గే కొద్దీ అది సుయ్ మనే శబ్దంగా మారుతుంది, గరిటెతో కూరను పక్కకు నెట్టితే అడుగున నూనె ఎర్రగా మెరుస్తూ కనిపిస్తుంది. మసాలా పొడి వేయాల్సిన క్షణం అదే, దానికి ముందు వేయడం దండగ. సుగంధ ద్రవ్యాల వాసన నూనెలో కరిగినంతగా నీళ్లలో కరగదు, నీళ్లలో ఎక్కువసేపు మరిగితే ఆవిరితో పాటు ఎగిరిపోతుంది కూడా.

పొట్లం మసాలా బదులు రెండు పెద్ద చెంచాల ధనియాలు, ఒక చెంచా గసగసాలు, నాలుగు లవంగాలు, చిన్న దాల్చిన చెక్క ముక్క, రెండు యాలకులు, రెండు చెంచాల ఎండుకొబ్బరి కోరు విడివిడిగా సన్న సెగ మీద వేయించి పొడి చేసుకోండి. అన్నీ కలిపి ఒకేసారి వేయిస్తే ధనియాలు వేగేలోపు గసగసాలు మాడిపోతాయి. పొడి వేశాక రెండు మూడు నిమిషాలు కలిపి, కొత్తిమీర చల్లి దించేయండి. పులుసు కావాలనుకుంటే ఆ దశలో కాచిన వేడినీళ్లు గ్లాసుడు పోసి రెండు పొంగులు రానివ్వండి. చన్నీళ్లు పోస్తే కూర ఉడుకు ఆగిపోయి ముక్క మరింత బిరుసెక్కుతుందని మా ఇంట్లో పెద్దలు చెప్పేవారు, నేనూ ఇప్పటికీ వేడినీళ్లే పోస్తాను.

జవాబు (రాజోలు నుంచి)

పాలకొల్లు వారు చెప్పిన ఇగురు పద్ధతికి తిరుగులేదు గానీ, ప్రతిసారీ నీరంతా ఇగరబెట్టి ఎర్రగానే వండాలన్న నియమమేమీ లేదండి. కోనసీమలో ఉండి కొబ్బరిపాలతో కోడి వండుకోకపోవడం అన్యాయం. పైగా పని నుంచి అలిసి వచ్చిన రోజున ఇది మరింత తేలిక, ఎందుకంటే పొయ్యి దగ్గర నిలబడి తిప్పాల్సిన అవసరం అంతగా ఉండదు.

నీళ్లు ఊగే ముదురు కాయ ఒకటి కొట్టి, కోరి, గ్లాసుడు గోరువెచ్చని నీళ్లతో మిక్సీలో తిప్పి గుడ్డలో వేసి పిండండి. ఇవి చిక్కని పాలు, పక్కన ఉంచుకోండి. అదే పిప్పిలో మళ్లీ గ్లాసున్నర నీళ్లు పోసి తిప్పి పిండితే పలుచని పాలు వస్తాయి. లేత కాయలో కొవ్వు తక్కువ కాబట్టి దానితో చిక్కదనం రాదు. ఎనిమిది పది పచ్చిమిరపకాయలు, అల్లం, వెల్లుల్లి, గుప్పెడు కొత్తిమీర కలిపి ముద్ద నూరుకోండి. నూనెలో లవంగం, దాల్చిన చెక్క, యాలకులు వేసి, ఉల్లిపాయలు మెత్తబడేదాకా మాత్రమే వేయించాలి. ఇక్కడ ఎర్రబడితే పాల తెలుపూ పోతుంది, తియ్యదనమూ పోతుంది. పచ్చిమిర్చి ముద్ద పచ్చివాసన పోయేదాకా వేగాక, ఉప్పు పట్టించిన కోడిని వేసి కలిపి, పలుచని పాలు పోసి మూత పెట్టి పావుగంట ఉడికించండి. ఒక గుప్పెడు జీడిపప్పు నానబెట్టి నూరి కలిపితే పులుసు చిక్కబడుతుంది, మా వైపు మోరి జీడిపప్పు దొరుకుతుంది కనుక అదే వాడతాం. ముక్క ఉడికాక మంట బాగా తగ్గించి చిక్కని పాలు పోయండి. అంచుల దగ్గర చిన్న బుడగలు కనబడగానే దించేయాలి. తెర్లనిస్తే పాలు విరిగి నూనె ఒక పక్కకీ నీరు ఒక పక్కకీ పోతాయి. నిమ్మరసం పిండాలంటే పొయ్యి మీద ఉండగా పిండకండి, దించి అయిదు నిమిషాలు ఆగాక పిండండి. వేడి అన్నంలోకి, లేదంటే కొబ్బరి అన్నంలోకి ఇంతకన్నా హాయైన కూర నాకు తెలియదు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ఎన్నో కృతజ్ఞతలు. ఉప్పు ముందుగా పట్టించడం వెనక ఇంత కారణం ఉందని తెలియదు. మరో రెండు సందేహాలున్నాయి. గోంగూర వేసి వండాలంటే ఆకును కోడితో పాటే ఉడికించాలా? సంక్రాంతికి మా అత్తగారు, మామగారు వస్తున్నారు, నాటుకోడి పులుసు వండాలనుకుంటున్నాం. దానికైనా కుక్కర్ వాడవచ్చా? పిల్లలున్న మా అక్కగారు వచ్చినప్పుడు ఎముకలు లేని ముక్కలతో వేపుడు చేయమంటారు, అది కూడా ఎండిపోకుండా చేసే దారి ఉంటే చెప్పండి.

జవాబు (తణుకు నుంచి)

గోంగూరను కోడితో పాటు ఉడికించవద్దండి. ఎంత పులుపు ఉందో తెలియకుండా మొదటే వేసేస్తే తర్వాత తగ్గించే దారి ఉండదు. ఎర్ర కాడ గోంగూరకు పులుపు ఎక్కువ, తెల్ల కాడ దానికి తక్కువ, అందువల్ల కట్టలు లెక్కపెట్టి వేస్తే ఒక్కోసారి ఒక్కో రుచి వస్తుంది. ఆకులు కడిగి, గుడ్డ మీద తడి ఆరనిచ్చి, రెండు చెంచాల నూనెలో పచ్చిమిర్చితో కలిపి ముద్దయ్యేదాకా విడిగా మగ్గించండి. పాలకొల్లు వారు చెప్పినట్టు ఇగురు దగ్గరపడి నూనె తేలాక, ఆ ముద్దలో సగం వేసి కలిపి రుచి చూసి, కావలసినంత మిగతాది కలుపుకోండి. గోంగూర వేసిన కూరకు కారం మామూలుకన్నా కాస్త ఎక్కువ పడుతుంది, గరం మసాలా మాత్రం సగానికి తగ్గించాలి. వేసవి మొదట్లో చింతచిగురు వచ్చినప్పుడు కూడా ఇదే వరుస, కాకపోతే చిగురును అరచేతుల మధ్య నలిపి, పుల్లలు ఏరి వేయాలి.

ఇక నాటుకోడి సంగతి పూర్తిగా వేరు. నెలల తరబడి తిరిగి పెరిగిన కోడికి కండరాల మధ్య బంధనాలు గట్టిగా ఉంటాయి, అవి కరిగి మెత్తబడడానికి చాలాసేపు తడి వేడి కావాలి. కరిగాక పులుసుకు ఆ జిగురూ చిక్కదనమూ వాటి వల్లే వస్తాయి. కాబట్టి ఫారం కోడికి వద్దన్న కుక్కర్ ఇక్కడ నిస్సంకోచంగా వాడండి. కోడిని పసుపు రాసి కాల్పించి, తోలు తీయకుండా ముక్కలు కొట్టించండి. ఉల్లిపాయలతో పాటు నూనెలో పదిహేను నిమిషాలు బాగా వేయించి, వేడినీళ్లు పోసి, అయిదారు విజిల్స్ రానివ్వండి. ముక్క గట్టిగా ఉంటే మరో రెండు రానివ్వవచ్చు. మూత తీశాక పని అయిపోయిందనుకోవద్దు. గసగసాలు, కొబ్బరి, ధనియాలు కలిపి నూరిన ముద్ద వేసి, మూత లేకుండా మరో పావుగంట మరిగిస్తేనే పులుసుకు రుచి వస్తుంది. పండగ పూట దీనికి జోడు గారెలే కాబట్టి పులుసు కాస్త జారుగా ఉంచండి, గారె పీల్చుకుంటుంది.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త ఉంది. మన జిల్లాల ఫారాల్లో గుడ్ల కోసం పెంచే కోళ్లు ఎక్కువ. గుడ్లు తగ్గిపోయాక, ఏడాదిన్నర దాటిన ఆ కోళ్లను మాంసానికి అమ్ముతారు. మాంసం గట్టిగా ఉండడం వల్ల తెలియనివారు దాన్ని నాటుకోడి అనుకునే వీలుంది. ధర చవకగా ఉంటే అదేమిటో అడిగి తెలుసుకోండి. అది చెడ్డ మాంసమేమీ కాదు, కుక్కర్‌లో పులుసుకు బాగానే పనికొస్తుంది, కానీ వేపుడుకు అసలు పనికిరాదు.

జవాబు (రాజమహేంద్రవరం నుంచి)

వంట గురించి అందరూ చక్కగా చెప్పారు కాబట్టి శుభ్రత గురించి రెండు మాటలు చెబుతాను. పచ్చి కోడిని కుళాయి ధార కింద పెట్టి కడిగితే తుంపరలు చుట్టుపక్కల గిన్నెల మీదా, కూరగాయల మీదా పడి, దానిలోని క్రిములు అక్కడికి చేరతాయి. కడగక తప్పదనుకునేవారు వెడల్పాటి గిన్నెలో నీళ్లు పోసి అందులో మెల్లగా కడిగి, ఆ నీటిని జాగ్రత్తగా పారబోసి, తొట్టినీ చేతులనూ సబ్బుతో కడుక్కోవాలి. కోడిని కోసిన కత్తితో, పీటతో కొత్తిమీర తరగవద్దు. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల కోళ్ల ఫారాల్లో బర్డ్ ఫ్లూ బయటపడినప్పుడు చాలా ఇళ్లలో కోడి తినడమే మానేశారు. ముక్క లోపలి భాగం కూడా 70 డిగ్రీలు దాటేలా ఉడికితే ఆ వైరస్ బతకదు. ఎముక దగ్గర కోసి చూసినప్పుడు మాంసం పచ్చిగా కనిపించకుండా, ఊట తేటగా వస్తుంటే ఉడికినట్టే లెక్క. మిగిలిన కూరను రెండు గంటలకు మించి బయట ఉంచకుండా ఫ్రిజ్‌లో పెట్టండి.

జవాబు (పాలకొల్లు నుంచి, మరోసారి)

ఎముక లేని వేపుడు గురించి అడిగారు కదా. రొమ్ము ముక్కలో కొవ్వు తక్కువ, అది త్వరగా ఎండిపోతుంది. దుకాణంలో తొడ భాగాన్నే ఎముక తీసి ఇమ్మని అడగండి, చాలామంది తీసి ఇస్తారు. రొమ్ము ముక్కలే దొరికితే అంగుళం మందాన కొట్టించి, ఉప్పుతో పాటు రెండు చెంచాల పెరుగు కలిపి గంటసేపు ఉంచండి, అంతకన్నా ఎక్కువసేపు పులుపులో నానితే పైభాగం పిండిపిండిగా అవుతుంది. మూకుడు బాగా కాగాక ముక్కలను రెండు విడతలుగా వేయండి, అన్నీ ఒకేసారి కుమ్మరిస్తే మళ్లీ నీరూరి ఉడుకుతాయి. ఏడెనిమిది నిమిషాల్లో అయిపోతుంది. కరివేపాకు, నిలువునా చీల్చిన పచ్చిమిర్చి, మిరియాల పొడి చివర్లో వేసి తిప్పండి. పిల్లలకైతే మిరియాలు వేయకముందే వారి వాటా తీసి పక్కన పెట్టండి.