ఆఖరి పుస్తకం చదివితే ఏడుపు రాలేదు. తప్పు నాదా, చెయ్యి మారిన రచయితదా?

గోదారిగట్టు (రాజమండ్రి)

ముందే చెప్తున్నానండి. 'వీల్ ఆఫ్ టైమ్' ఆఖరి భాగం 'ఎ మెమరీ ఆఫ్ లైట్' గురించి రాస్తున్నాను. ఎవరు పోయారో, ఎవరు మిగిలారో అన్నీ చెప్పేస్తాను. చదవనివాళ్లు ఇక్కడే ఆగిపోండి.

కథ తెలియనివాళ్లకి రెండు ముక్కలు. ఇది మాయలూ యుద్ధాలూ ఉన్న పెద్ద ఇంగ్లీషు ఫాంటసీ కథ, పద్నాలుగు పుస్తకాలు. మొదటి పుస్తకం 1990లో వచ్చింది. రాస్తున్న రాబర్ట్ జోర్డన్ 2007 సెప్టెంబరులో, కథ పూర్తి కాకుండానే చనిపోయాడు. ఆయన భార్య హారియెట్ మెక్‌డూగలే ఆ పుస్తకాలకి ఎడిటర్. ఆవిడ బ్రాండన్ శాండర్సన్ అనే కుర్ర రచయితని పిలిచి మిగతాది పూర్తి చెయ్యమంది. ఒక్క పుస్తకంలో అయిపోవాల్సింది మూడయింది. ఆ మూడోది, మొత్తం లెక్కలో పద్నాలుగోది, 2013 జనవరిలో వచ్చింది.

నేను ఇంటర్‌లో ఉండగా మొదలుపెట్టాను. మధ్యలో వదిలేసి, మళ్లీ పట్టుకుని, ఆఖరిదాని దాకా వచ్చేసరికి పెళ్లయింది, పాప బడికి వెళ్తోంది. ఏడుస్తానని ముందే తెలుసు కాబట్టి ఆఫీసుకి శెలవు పెట్టి మరీ కూర్చున్నా. తొమ్మిది వందల పైచిలుకు పేజీలు. ఆఖరి పేజీలో కథానాయకుడు రాండ్ శవం చితి మీద కాలుతోంది. అసలు రాండేమో శత్రువు ఒంట్లో దూరి, గుర్రమెక్కి, పైపు వెలిగించుకుంటూ చల్లగా వెళ్లిపోతున్నాడు. పుస్తకం మూసేశాను. పరీక్ష హాల్లోంచి బయటికొచ్చినట్టుంది, అంతే. కళ్లు పొడిగా ఉన్నాయి.

నా వాదన ఇదండి. మన ఇంటి పిల్లకి పక్కూరివాళ్లొచ్చి అప్పగింతలు పెడితే ఎలా ఉంటుంది? పాట అదే, కన్నీళ్లు రావు. రాండ్ నేస్తం మ్యాట్ వేళాకోళాలే చూడండి, జోర్డన్ రాసినప్పుడు నవ్వొచ్చేది, శాండర్సన్ చేతిలో పడ్డాక వాడు వేరే మనిషైపోయాడు. ముగింపు ఎవడు మొదలుపెట్టాడో వాడే రాయాలి. లేకపోతే అక్కడితో ఆపెయ్యాలి.

కొబ్బరితోట (అమలాపురం)

మీకు రాలేదేమో గానీ, రాండ్ ఊరి పిల్ల ఎగ్వీన్ పోయినప్పుడు నేను అన్నం కంచం ముందు కూర్చుని వెక్కివెక్కి ఏడ్చానండి ఆయ్. మా ఆవిడ గరిటె పట్టుకుని పరుగెత్తుకొచ్చి "ఎవరు పోయారండీ" అంది. పేరు చెప్పాను. "ఎవరి తాలూకు?" అంది. దానికి ఏం చెప్పాలో తోచలేదు.

మ్యాట్ సంగతి ఒప్పుకుంటా. అది శాండర్సనే ఒప్పుకున్నాడు, మొదట్లో మ్యాట్ తనకి కుదరలేదని. కానీ ఆ ఆఖరి యుద్ధం ఒక్క అధ్యాయమే దాదాపు రెండు వందల పేజీలు. ఆపడానికి చోటివ్వడు. రాత్రి పదింటికి మొదలెట్టి తెల్లారి పాలవాడు బెల్లు కొట్టేదాకా లేవలేదు. చెయ్యి మారితే అలా చదివిస్తుందా?

పాలకొల్లు మేష్టారు

నేను ఆ పుస్తకాలు చదవలేదు, మా అబ్బాయి చదువుతాడు. కానీ ప్రశ్న నాకు కొత్తది కాదు. గోదారిగట్టు గారూ, రాజమండ్రిలో కూర్చుని ఈ మాట మీరెలా అనగలిగారండీ?

నన్నయ మీ ఊళ్లోనే, రాజరాజ నరేంద్రుడి కొలువులో, 11వ శతాబ్దంలో భారతం మొదలుపెట్టాడు. ఆది, సభాపర్వాలు అయ్యాయి. అరణ్యపర్వం నాలుగో ఆశ్వాసంలో, శరత్కాలపు రాత్రుల్ని వర్ణించే పద్యం దగ్గర ఆగిపోయింది. తరవాత సుమారు రెండు వందల ఏళ్లకి నెల్లూరులో తిక్కన లేచాడు. ఆ సగం పర్వం జోలికి పోకుండా విరాటపర్వం నుంచి ఎత్తుకుని పదిహేను పర్వాలు రాశాడు. మధ్యలో మిగిలిన ఆ గండిని పూడ్చడానికి మరో వందేళ్లకి ఎర్రన రావాల్సి వచ్చింది. ఆయన చేసిన పని చూడండి, తన కాలపు రాజుకి కాకుండా, ఎప్పుడో పోయిన రాజరాజ నరేంద్రుడికే అంకితమిచ్చాడు, నన్నయే రాస్తున్నట్టు.

కీచకుడి కొంపలో ద్రౌపది పడ్డ బాధ చదివి కళ్లు తుడుచుకున్న తెలుగువాడెవడైనా 'అయ్యో, ఇది నన్నయ రాయలేదే' అనుకున్నాడా? వానలు పడకపోతే మనవాళ్లు చదివించేది విరాటపర్వం. అది తిక్కనది. దేవుడికే పట్టింపు లేదు, మీకెందుకండీ!

గోదారిగట్టు (రాజమండ్రి)

మేష్టారూ, మీ మాట కొట్టెయ్యలేను గానీ పోలిక పూర్తిగా కుదరదండి. తిక్కన ముందు వ్యాసుడి మూలం ఉంది. ధర్మరాజు చివరికి ఎక్కడికి పోతాడో ఊళ్లో చిన్నపిల్లాడికి కూడా తెలుసు. శాండర్సన్ చేతిలో ఉన్నవి నోట్సు, టేపులు, అక్కడక్కడ రాసిన సన్నివేశాలు. ఆ ఖాళీల్లో ఏం ఉండాలో జోర్డన్‌కి తప్ప ఎవరికీ తెలియదు.

ఇంకోటి. ఎర్రన నన్నయలా రాయడానికి కష్టపడ్డాడు. శాండర్సన్ తన మొదటి ముందుమాటలోనే జోర్డన్ శైలిని నేరుగా అనుకరించబోనని చెప్పేశాడు.

పాలకొల్లు మేష్టారు

అలాగైతే మీవాడు తిక్కన బాపతు. మీరు ఎర్రన కావాలని పేచీ పెడుతున్నారు. అయినా ఎర్రన నన్నయలా మొదలుపెట్టి తిక్కనలా ముగించాడని అంటారు. ఎంత పట్టుకున్నా సొంత గొంతు జారి బయటికొస్తుంది, ఏం చేస్తాం.

లంకపిల్ల (పి.గన్నవరం వైపు)

నా సంగతి వేరుగా ఉంది, కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

2022 జులై వరదలప్పుడు మా లంక చుట్టూ నీళ్లు. ధవళేశ్వరం దగ్గర 17.75 అడుగులు దాటి మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేశారు. పశువుల్ని ఏటిగట్టు మీదికి తోలేశాం. బియ్యం బస్తాలు అటకెక్కించి, మేం నలుగురం పక్కింటివాళ్ల డాబా మీదికి ఎక్కాం. టార్పాలిన్ కట్టుకుని ఆరు రాత్రులు అక్కడే. పొద్దున పడవలో పాల ప్యాకెట్లు, పులిహోర పొట్లాలు వచ్చేవి. కరెంటు లేదు. ఫోను రోజుకి రెండుసార్లు ఆన్ చేసేదాన్ని.

నాతో తెచ్చుకున్న పుస్తకం ఇదొక్కటే, ఎరువుల సంచి లోపలి పాలిథిన్‌లో చుట్టి. అప్పటికి సగంలో ఉన్నాను. పగలంతా చదివేదాన్ని, రాత్రయ్యాక మామ్మ "ఏవుందే అందులో, అంత లావు పుస్తకం" అనేది. కథ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాను. పద్నాలుగు పుస్తకాలు ఆరు రాత్రుల్లో. మాయలూ మంత్రాలూ ఆవిడకి పెద్ద పట్టలేదు. లాన్ అనే యోధుడు ఒక్కడే వెళ్లి శత్రు సేనాని డెమాండ్రెడ్‌ని చంపిన ఘట్టం చెప్తే "అభిమన్యుడిలా పోలేదు కదా, బాగుంది" అంది. ఎగ్వీన్ పోయిందంటే "అయ్యో పాపం" అని ఆవలించింది.

బెలా గురించి చెప్పినప్పుడు మాత్రం లేచి కూర్చుంది. చదివినవాళ్లకి గుర్తుంటుంది, బొచ్చుబొచ్చుగా ఉండే ముసలి గుర్రం. మొట్టమొదటి పుస్తకం మొదటి అధ్యాయంలో బండి లాగుతూ కనపడుతుంది. పద్నాలుగు పుస్తకాల్లో దానికి మాయ లేదు, జోస్యం లేదు, మోయడమే పని. ఆఖరి యుద్ధంలో ఫెయిల్ అనే అమ్మాయిని మోసుకుంటూ పరుగెత్తి బాణాలు తగిలి పడిపోతుంది. "అది చచ్చిపోయిందా?" అంది మామ్మ. అవునన్నాను. "కట్టేసి ఉందా, వదిలేశారా?" అంది. పరుగెత్తుతూ పడిపోయింది మామ్మా అన్నాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తరవాత చూస్తే చీర కొంగు కళ్లకి అడ్డం పెట్టుకుని ఉంది.

86 వరదలో మా గేదెని విప్పడానికి ఎవరికీ టైం దొరకలేదట. అది నాకు ఆ రాత్రే తెలిసింది.

అందుకే ఎవరు రాశారన్న గొడవ నాకు అర్థం కాదు. మామ్మకి జోర్డన్ తెలియదు, శాండర్సన్ తెలియదు. ఆవిడ విన్నది నా గొంతు.

భీమవరం బుల్లోడు

బాగా రాశావు చెల్లెమ్మా, కానీ నువ్వే చెప్పేశావు. మీ మామ్మ ఏడ్చింది గుర్రానికి కాదు, గేదెకి.

నేను మొదటి నుంచీ ఇదే అంటున్నా. ఇలాంటి లావు కథల ఆఖరి భాగం చదివి ఏడిచేవాళ్లంతా వాళ్ల సొంత ఏళ్లకి ఏడుస్తారు. ఇంటర్‌లో మొదలెట్టి పాప బడికెళ్లేదాకా చదివితే, ఆఖర్న టెలిఫోన్ డైరెక్టరీ ఇచ్చినా ఏడుపొస్తుంది. కథగా చూస్తే ఆ యుద్ధం సంక్రాంతి బరిలా ఉంది, మూడ్రోజులు ఒకటే గోల, ఎవడి కోడి ఎవడిదో తెలీదు. నాకైతే పద్నాలుగు పుస్తకాలు కొన్న డబ్బు తలుచుకుంటే ఏడుపొచ్చింది.

కొబ్బరితోట (అమలాపురం)

బుల్లోడు గారూ, గోదారిగట్టు గారికి ఏళ్లున్నాయి, ఏడుపు రాలేదు. మీ లెక్క ఇక్కడే తప్పింది.

గోదారిగట్టు గారూ, మీకొక మాట చెప్పాలని ఇందాకట్నుంచీ చూస్తున్నా, కోపం తెచ్చుకోకండి. ఆ చితి, ఆ గుర్రం, ఆ పైపు... ఆఖరి సన్నివేశం జోర్డన్‌దే. చనిపోకముందే రాసిపెట్టాడు. శాండర్సన్ దాదాపు అలాగే ఉంచాడు. మేం ఏడ్చిన యుద్ధం ఎక్కువ భాగం శాండర్సన్ రాసింది. మీ కళ్లు పొడిగా ఉన్న పేజీలు మాత్రం మీవాడివే.

పాలకొల్లు మేష్టారు

😀

గోదారిగట్టు (రాజమండ్రి)

రెండు రోజులు ఇటు రాలేదు. అలిగి కాదు. ఆఖరి పేజీలు మళ్లీ చదివాను.

సరే, నా వాదన తలకిందులైంది. ఇప్పుడు చూస్తే అది జోర్డన్ నడకే. ఊరికే హడావుడి చెయ్యకుండా, మనిషి వెళ్లిపోతుంటే మాటల్లేకుండా చూస్తూ నిలబడినట్టు. ప్రతి పుస్తకం మొదటి అధ్యాయంలో గాలి లేస్తుంది కదా, అన్నింటి చివరా మళ్లీ ఆ గాలే వస్తుంది. మొదటిసారి ఇది పట్టించుకోలేదు, పేజీలు లెక్కపెట్టుకుంటూ పరుగెత్తాను. మ్యాట్ విషయంలో మాత్రం తగ్గను.

ఇంకో సంగతి కూడా ఉంది, చెప్పాలా వద్దా అనుకున్నా. ఇవి నాకు అలవాటు చేసింది మా బాబాయి కొడుకు. పదకొండో పుస్తకం దాకా ఇద్దరికీ ఒకటే కాపీ. ముందు వాడు, తరవాత నేను. సాయంత్రం పుష్కరాల రేవు మెట్ల మీద కూర్చుని, మొయిరేన్ అనే మంత్రగత్తె బతికుందా లేదా అని చీకటి పడేదాకా పోట్లాడుకునేవాళ్లం. ఒకసారి కోపంలో వాడు నా చెప్పు గోదాట్లోకి విసిరేశాడు. ఇప్పుడు వాడు డల్లాస్‌లో ఉన్నాడు. ఆఖరి మూడూ నేనొక్కణ్ణే చదివాను. పుస్తకం మూశాక పోట్లాడ్డానికి పక్కన ఎవరూ లేరు. బహుశా ఆ పొడి అదేనేమో.

భీమవరం బుల్లోడు

చూశారా! నేను చెప్పింది ఇదే. ఏడుపు వచ్చినా రాకపోయినా సంగతి మన గురించే, పుస్తకం గురించి కాదు.

లంకపిల్ల (పి.గన్నవరం వైపు)

బుల్లోడన్నా, మామ్మకి ఇరవై ఏళ్లు లేవు, ఆరు రాత్రులే ఉన్నాయి. 86లో పోయిన గేదె సంగతి అన్నేళ్లలో మా ఎవరితోనూ అనలేదు, ఈ గుర్రం పడ్డాకే అంది. నేను అంతకుముందు ఆవిడకి ఎన్ని కథలు చెప్పలేదు? అప్పుడెందుకు రాలేదు మరి? ఆ ముసలి గుర్రాన్ని అన్ని పుస్తకాలూ ఊరికే మోయించి, ఎక్కడ పడెయ్యాలో అక్కడ పడేశారు. ఆ పని పుస్తకానిదే.

గోదారిగట్టు గారూ, ఫోన్ చెయ్యండి మీ తమ్ముడికి. అక్కడ ఇప్పుడు పొద్దున్నే.

పాలకొల్లు మేష్టారు

అమ్మాయ్, ధర్మరాజు కూడా చివర్న ఒక కుక్క కోసమే స్వర్గం వద్దన్నాడు. ద్రౌపది దారిలో పడిపోతే ఆగలేదు, తమ్ముళ్లు పడిపోతే ఆగలేదు. కుక్కని వదలమంటే మాత్రం రథమెక్కనన్నాడు. మహాప్రస్థానిక పర్వం పాఠం చెప్పినప్పుడల్లా క్లాసులో పిల్లలు ఇదేం న్యాయం మేష్టారూ అని అడిగేవారు. నాకిప్పటికీ సరైన జవాబు దొరకలేదు. మీ మామ్మగారిని అడిగి చూడు.

గోదారిగట్టు (రాజమండ్రి)

చేశాను. వాడు ఆఖరి పుస్తకం కొనుక్కుని, ఇన్నేళ్లూ తెరవలేదట. "నువ్వు లేకుండా ఎలా చదువుతాను" అన్నాడు. నేను చదివేశానంటే బూతులు తిట్టాడు. ఆదివారం నుంచి రోజుకో అధ్యాయం, ఫోన్లో. ఆ రెండు వందల పేజీల అధ్యాయానికి ఏం చెయ్యాలో ఇంకా తేల్చుకోలేదు.

పాలకొల్లు మేష్టారు

మా అబ్బాయి దగ్గర పదమూడే ఉన్నాయట. ఆఖరిది ఎవరైనా ఓ నెల రోజులు ఇస్తారా అండీ? ఆ గుర్రం దగ్గర నుంచైనా చదువుతాను.

లంకపిల్ల (పి.గన్నవరం వైపు)

నాది తీసుకోండి మేష్టారూ. వచ్చే గురువారం పాలకొల్లులో పెళ్లికొస్తున్నాం, తెస్తాను. పాలిథిన్ చుట్టినా కింద అంచు తడిసింది, పేజీలు కొంచెం ఉబ్బి ఉంటాయి. ఒండ్రు వాసనొస్తుంది, పర్లేదా?