అప్‌డేట్: రంగు మార్చాక ఆగి ఆగి నడుస్తున్న హెచ్‌ఓ మోడల్ ట్రామ్ సమస్య తీరింది

రంగు మార్చాక నా హెచ్‌ఓ ట్రామ్ (అసలు ట్రామ్‌లో 87వ వంతు సైజు, అంటే 1:87 మోడల్) పాయింట్ల మీద, అంటే పట్టాలు చీలే చోట, ఆగిపోతోందని, మలుపుల్లో పట్టేస్తోందని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

"చక్రాల వెనక వైపు చూడండి" అన్నదే పనిచేసింది. చక్రాల నుంచి కరెంటు తీసుకునే రేకులు రాసుకునేది అక్కడే, సరిగ్గా అక్కడే అక్రిలిక్ ప్రైమర్ (రంగుకు ముందు వేసే పూత) పొగలా పేరుకుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన ఇయర్‌బడ్‌తో తుడిస్తే బూడిద రంగు పొర ఊడొచ్చింది. తర్వాత రేకుల్ని చక్రానికి తగిలీ తగలనట్టు వంచాను. గట్టిగా నొక్కితే చక్రం తిరగకుండా ఈడ్చుకుపోతుంది.

మలుపుల్లో పట్టేయడానికి కారణం వేరు: బాడీ కింది అంచు లోపల రంగు మందంగా పేరుకుని బోగీకి (మలుపుల్లో తిరిగే చక్రాల ఫ్రేముకి) తగులుతోంది. బ్లేడుతో గీకేశాను.

మోటార్ మార్చడం, కెపాసిటర్ (కరెంటు క్షణం తెగినా నడిపించే చిన్న భాగం) పెట్టడం అవసరం పడలేదు. పట్టాలకు గరుకు కాగితం మాత్రం వాడకండి, ఆ గీతల్లోనే మురికి చేరుతుంది.