వీణ, క్లారినెట్, సెల్లో కలిసిన రచన: రిహార్సల్‌లో వీణ వినబడటం లేదు, స్కోరులో ఏం మార్చాలి?

ప్రశ్న (సీతమ్మధార, విశాఖపట్నం):
9 నిమిషాల రచన. ఫ్లూట్, బి ఫ్లాట్ క్లారినెట్, వయొలిన్, సెల్లో, వీణ, మృదంగం. వచ్చే నెల ఇక్కడి కళాభారతి ఆడిటోరియంలో వాయించాలి. కంప్యూటర్‌లో వింటే అన్నీ తేటగా ఉన్నాయి. మనుషులు వాయిస్తే వీణ మునిగిపోతోంది, ఫ్లూట్ కింది స్థాయి పదబంధం మాయమవుతోంది, మిశ్రచాపు (ఏడు అక్షరాల తాళం) భాగంలో ఫ్లూట్, వయొలిన్ తాళం తప్పుతున్నాయి. అక్కడ 7/8 అని రాసి 4+3గా గుంపులు కట్టాను. వీణ శ్రుతి 3. ఆ భాగానికి షడ్జం (ఆధార స్వరం ‘స’) ఎఫ్ (F).

జవాబు 1:
ముందు ఆ ఎఫ్ సంగతి చూడండి. శ్రుతి 3 అంటే షడ్జం ఈ (E) స్వరం. వీణ తాళపు తీగలు (పక్కన తాళానికి మీటేవి) మూడూ E, B, E పలుకుతూనే ఉంటాయి కాబట్టి ఎఫ్ షడ్జంతో అర స్వరం తేడాలో ఘర్షణ పుడుతుంది. మెట్లు మైనంలో బిగించి ఉంటాయి, కచేరీ మధ్యలో శ్రుతి మార్చమనడం సబబు కాదు. ఆ భాగం మొత్తాన్ని E షడ్జానికి దించండి.

ఇక మునిగిపోవడం. మీటిన క్షణంలోనే వీణకు బలం, ఆ తర్వాత నాదం తగ్గిపోతుంది. సెల్లో అదే స్థాయిలో బో లాగుతూ ఉంటే ఎంత మెల్లగా వాయించినా కప్పేస్తుంది. కాబట్టి మీటు పడేచోట సెల్లోకు విరామం ఇవ్వండి, ఒక బీటు ఆలస్యంగా నిశ్శబ్దం నుంచి పెరిగేలా రాయండి. లేదా పిజికాటో (బో లేకుండా వేలితో మీటడం) రాయండి.

ఫ్లూట్ మిడిల్ సీ నుంచి దానిపై జీ దాకా మెత్తగానే ఉంటుంది. అక్కడ ఫోర్టే (గట్టిగా) అని రాసినా లాభం లేదు. ఆ పదబంధం క్లారినెట్‌కిచ్చి, ఫ్లూట్‌ను ఒక స్థాయి పైన పెట్టండి. కంప్యూటర్ ఈ బలాబలాలను నమ్మదగ్గట్టు చూపదు, బ్యాలెన్స్‌కు దాన్ని ప్రమాణంగా తీసుకోవద్దండి.

జవాబు 2:
తాళం తప్పడానికి కారణం మీ బీములే (నోట్లను గుంపులుగా కలిపే అడ్డగీతలు). మిశ్రచాపు నడక 3+2+2, తకిట తక ధిమి. మీరు 4+3 కట్టడంతో చదివేవాళ్ళ ఒత్తు నాలుగో అక్షరం తర్వాత పడుతోంది, మృదంగం ఒత్తు మూడో అక్షరం తర్వాత. అన్ని పార్టుల్లోనూ 3+2+2గా బీములు మార్చి, మొదటి బార్ పైన ఆ అంకెలు రాయండి. మృదంగానికి ఒకే గీత స్టాఫ్, కింద సొల్లు (తకిట వంటి జతులు) చాలు.

ప్రశ్న వేసినవారు:
బీములు మారుస్తానండీ. కంపిత గమకాన్ని (స్వరాన్ని ఊపడం) ముప్పై రెండో నోట్లలో పూర్తిగా విడగొట్టి రాశాను, వయొలిన్‌లో యాంత్రికంగా వస్తోంది. ఉంచాలా?

జవాబు 2:
తీసేయండి. అసలు స్వరం ఒక్కటే రాసి, పైన వంకర గీత గీయండి, ఊగే పై, కింది స్వరాలను బ్రాకెట్లలో ఒకసారే చూపండి. గుర్తుల వివరణ స్కోరు మొదటి పేజీలో ఉండాలి. ఆ వయొలిన్ వాద్యకారుడికి వీణ విద్వాంసుల చేత ఆ పదబంధాన్ని రికార్డు చేసి పంపండి, గమకానికి కాగితం సగమే.

జవాబు 3:
పార్టులు ముద్రించే ముందు క్లారినెట్‌ది చూడండి: రాసే స్వరం వినిపించేదానికంటే ఒక పూర్తి స్వరం ఎక్కువ. షడ్జం E అయితే క్లారినెట్‌కు ఎఫ్ షార్ప్ రాయాలి. పది బార్లు మించిన విరామాల తర్వాత వయొలిన్ వాయించేది చిన్న నోట్లలో క్యూగా (ఎక్కడ అందుకోవాలో తెలిపే గుర్తుగా) పెట్టండి. పేజీ తిప్పేచోటు విరామంలో పడాలి. మరొకటి, సముద్రపు తేమకు మృదంగం చర్మం సాగి శ్రుతి దిగుతుంది. మిశ్రచాపుకు ముందు సరిచేసుకోవడానికి కనీసం ఎనిమిది బార్ల ఖాళీ ఇవ్వండి.