బిషప్ క్రౌథర్‌ను పక్కకు నెట్టింది రంగా, ఆయన పాలనా?

గోదారిగట్టు:
శామ్యూల్ అజయి క్రౌథర్ ఇప్పటి నైజీరియాలోని యోరుబా జాతి మనిషి. 1821లో బానిసల వేటగాళ్లకు చిక్కాడు. మరుసటి ఏడు బ్రిటిష్ నౌకాదళం విడిపించి సియెర్రా లియోన్‌లో దింపింది. 1864లో ఆంగ్లికన్ (ఇంగ్లండ్ చర్చి) సంఘానికి మొదటి ఆఫ్రికన్ బిషప్ అయ్యాడు. ఆ చర్చి తరఫున మిషనరీలను పంపే లండన్ సంస్థ చర్చ్ మిషనరీ సొసైటీ కార్యదర్శి హెన్రీ వెన్ ఆయన వెనక నిలబడ్డాడు. స్థానిక సంఘం తన ఖర్చు తానే భరించాలి, తన పాలన తానే చూసుకోవాలి, తానే విస్తరించాలి అన్నది వెన్ సిద్ధాంతం. వెన్ 1873లో పోయాడు. 1890లో అదే సొసైటీ కుర్ర దొరలు ఆ ముసలాయన కళ్లెదుటే ఆయన పాస్టర్లను సస్పెండ్ చేశారు. ఇది రంగు గొడవ కాకపోతే మరేమిటి?

పాతకాగితాలు:
అంత సులువుగా తేల్చేయకండి. ఆ పాస్టర్ల మీద వచ్చిన ఆరోపణలన్నీ కల్పితాలు కావు. కొందరు సువార్త పని వదిలేసి వ్యాపారంలో పడ్డారు. బిషప్ ఉండేదేమో లేగోస్‌లో. నైజర్ నది పొడవునా ఉన్న స్టేషన్లు చూడాలంటే వ్యాపార కంపెనీల స్టీమర్లే దిక్కు. ఇంకో సంగతి, ఆ పాస్టర్లలో చాలామంది సియెర్రా లియోన్ నుంచి వచ్చినవాళ్లు. నైజర్ ఒడ్డున వేరే జాతి అయిన ఇగ్బోల ఊళ్లలో వాళ్లూ పరాయివాళ్లే కదండీ. దాన్ని స్థానిక నాయకత్వం అనొచ్చా?

డోర్నకల్‌జంక్షన్:
పరాయి ప్రాంతానికి పంపింది ఎవరండీ? హెన్రీ టౌన్సెండ్ లాంటి మిషనరీలు నల్ల బిషప్ వద్దని 1850ల్లోనే లండన్‌కు రాశారు. అందుకే 1864లో సొంత యోరుబా జనం ఉన్న అబెయోకుటాను ఆయన కింద పెట్టలేదు. దొరలు లేని నైజర్ ప్రాంతం ఇచ్చారు. భాష రాని చోటికి పంపి, తర్వాత పాలన బాగాలేదంటే ఎలా? మన డోర్నకల్‌కు 1912లో బిషప్‌గా వచ్చిన అజరయ్య గారూ తిరునల్వేలి వైపు తమిళులే. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ ఆయన. పరాయితనం ఒక్కటే అడ్డు కాదు.

పాతకాగితాలు:
అబెయోకుటా సంగతి గట్టి పాయింటే, ఒప్పుకుంటున్నాను. అయినా ఆ పాస్టర్ల తప్పులు తప్పులే.

గోదారిగట్టు:
తప్పు చేసినవాళ్లను తీసేయమనండి, ఎవరొద్దన్నారు? 1891 డిసెంబర్ 31న క్రౌథర్ పోతే ఆ స్థానంలో యూరోపియన్‌నే తెచ్చారు. ఒక దొర బిషప్ సరిగా చేయకపోతే ఇక దొరలే వద్దనేవారా? అటు 1892లో నైజర్ డెల్టా సంఘాలు ఆయన కొడుకు డాండెసన్ వెంట విడిగా నిలబడి, సొంత డబ్బుతో నడిచాయి. 2014లో కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్ వెల్బీ క్షమాపణ కూడా చెప్పాడు, 123 ఏళ్లు ఆలస్యంగా.