అప్‌డేట్: మా పాప కోడింగ్ మార్కుల గొడవ

పోయిన నెల అడిగాను కదా, ఆరేళ్ళ మా పాపకి కోడింగ్ క్లాసులో రాత పరీక్ష పెట్టి, ‘లూప్ అంటే ఏమిటి’ లాంటి ప్రశ్నలకి 50కి 14 వేసి వీక్ అన్నారు, మాన్పించాలా అని. మాన్పించేశాను. మీలో ఒకరు చెప్పిన స్క్రాచ్ జూనియర్ అనే కోడింగ్ యాప్ ట్యాబ్‌లో ఎక్కించాను. ఒక్కో పనికి ఒక్కో బ్లాకు, వాటిని వరసగా పేరిస్తే తెర మీద బొమ్మ అలా కదులుతుంది. ఉచితం, 5 నుంచి 7 ఏళ్ళ పిల్లల కోసమే చేసింది, బ్లాకుల మీద బొమ్మలే కాబట్టి చదవడం రాకపోయినా ఇబ్బంది లేదు.

ఇక పరీక్ష అంటారా, నేనే పెడుతున్నా, దానికి తెలియకుండా. తెర మీది పిల్లిని చెట్టు దాకా నడిపించడానికి పాప బ్లాకులు పేర్చి నీళ్ళు తాగడానికి వెళ్తే, కుడి బాణం ఒకటి తీసేసి ఎడమది పెట్టా. వచ్చి, మొదలుపెట్టే పచ్చ జెండా నొక్కింది, పిల్లి మధ్యలో వెనక్కి తిరిగింది. "నాన్నా, నువ్వే కదా!" అని ఒక్కో బ్లాకునీ వేలితో తాకుతూ వెళ్ళి సరిగ్గా దాని దగ్గరే ఆగింది. నొక్కే ముందు "ఇప్పుడేమవుతుంది?" అని అడిగినా చాలాసార్లు కరెక్టుగానే చెబుతోంది. ఒకే పనిని మళ్ళీ మళ్ళీ చేయించే రిపీట్ బ్లాకు (పరీక్షలో అడిగిన లూప్ అదే) మాత్రం ఇంకా ఎక్కలేదు, ఐదుసార్లు గెంతాలంటే ఐదు బ్లాకులూ వరసగా పేరుస్తుంది, ఓపిగ్గా. పేర్చనీ.

ఫీజు వెనక్కి ఇవ్వలేదండోయ్, టర్మ్ మధ్యలో కుదరదట.