పాత భోషాణానికి రేటు ఎలా కట్టాలండీ? తొందరగా చెప్పండి

లంక కుర్రోడు: అందరికీ నమస్కారం. పొద్దున్నుంచి నెట్‌లో వెతికి వెతికి బుర్ర వేడెక్కిపోయింది. మా తాతగారి భోషాణం ఒకటుంది. ఇల్లు పడగొట్టి డాబా వేస్తున్నాం, అది కొత్తింట్లో పట్టదు. పాత సామాన్లు కొనే ఆయన వచ్చి చుట్టూ తిరిగి, వేలితో రెండుసార్లు కొట్టి చూసి పాతిక వేలన్నాడు. పక్కింటి బాబాయేమో లక్షకి పైసా తగ్గొద్దంటాడు. మంచి టేకు, బాగా పాతది. రేపు పొద్దున్నే బండి తెస్తానన్నాడు. టెన్షన్‌గా ఉంది.

రావులపాలెం బండి: ఫోటో. కొలతలు.

లంక కుర్రోడు: చీకటి గదండీ, ఫోటో సరిగ్గా రావట్లేదు. మామూలు సైజే, అందరిళ్లల్లో ఉండేదే.

గోదారి గట్టు: బాబూ, టేకంటే ఏ టేకు? మన్యం అడవుల కలపని తెప్పలు కట్టి గోదారి మీద రాజమండ్రికి దింపేవారు. అది ఒక రకం. బర్మా టేకు ఇంకో రకం. కాకినాడ, కోరంగి నుంచి మనవాళ్లు రంగూన్‌కి కూలికి, వ్యాపారానికి వెళ్లిన రోజులవి. అక్కడ తెలుగువాళ్లని కోరంగీలనే పిలిచేవారు. ఆ రాకపోకల కథ తెలియకుండా పెట్టెకి వెల కట్టడమేమిటి? మీ తాతగారు ఎప్పుడైనా రంగూన్ వెళ్లారా?

లంక కుర్రోడు: లేదండి, ఆయన కొబ్బరి తోట తప్ప ఏమీ చూడలేదు. రేటు చెప్పండి సార్.

చిత్రిక: తమ్ముడూ, వయసు సంగతి తర్వాత. ముందు పని చూడు. మెరుగు పెట్టిన ముందు వైపు కాదు, ఎవరూ చూడని చోట్లు: అడుగు, వెనక, మూత లోపలి వైపు. అక్కడ చెక్క మీద చెయ్యి పెట్టి నిమురు. బాడిశ గాట్లో, చిత్రిక పట్టిన చిన్న చిన్న పల్లాలో తగిలితే చేత్తో చేసిన పని. గుండ్రంగా వంపు తిరిగిన రంపపు గీతలు వరుసగా కనిపిస్తే మిల్లులో కోసిన పలక.

తర్వాత మూలలు. పాత వడ్రంగి ఇనుప మేకు కొట్టడానికి ఇష్టపడడు. కూసం (పలక చివర నాలుకలా చెక్కిన ముక్క) తీసి, రెండో పలక బెజ్జంలోకి దించి, అడ్డంగా వెదురు మేకో చెక్క మేకో కొడతాడు. ఆ మేకు తలని వేలితో తడుము. కాస్త పైకి పొడుచుకొచ్చి ఉంటే మంచిదే. పలక ఏళ్ల తరబడి ఎండి అడ్డంగా కుంచించుకుపోతుంది, మేకు మాత్రం నిలువు పొడవున తగ్గదు, అందుకే తల బయటికి వస్తుంది. కొత్త పెట్టెకి పాత రంగు పూసినవాడు ఇంతదాకా సాధారణంగా పోడు. బందులకి (మూత తిరిగే కీళ్లకి) ప్లస్ స్క్రూలుంటే అవి తర్వాత మార్చినవే. వెనక ప్లైవుడ్ ఉందా? మూత చెక్క, పెట్టె చెక్క ఒకే రకమా? గొళ్లెం ఇత్తడేనా, తాళం అసలుదేనా? ఇవి సరిగ్గా ఉంటేనే ధర. ఒక్కటి మార్చినా బేరగాడు అదే పట్టుకుని కూర్చుంటాడు.

ఇంకోటి. మన కోనసీమలో పనస పలకలతో చేసినవీ ఎక్కువే. పనస కోసినప్పుడు పసుపు, రానురాను ఎర్రగా గోధుమ రంగుకి తిరుగుతుంది, టేకే అనుకుంటారు. అడుగున ఒక మూల ఉలితో వెంట్రుకంత గీకి వాసన చూడు. టేకైతే జిడ్డు, తోలు వాసన.

రావులపాలెం బండి: చెక్క లెక్క: 4 అడుగుల పొడవు, 2 వెడల్పు, 2 ఎత్తు, అంగుళంన్నర పలక అనుకుంటే మొత్తం 5 ఘనపుటడుగులు. కాళ్లు వేరే. మీ ఊరి టింబర్ డిపోలో పాత టేకు అడుగు రేటెంతో కనుక్కుని 5తో హెచ్చించండి. అంతకన్నా తక్కువిస్తే కట్టెల రేటే.

రిటైర్డ్ గుమస్తా: అందరూ ఒకటి మర్చిపోతున్నారు. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు నిండిన చేతిపని వస్తువు పురావస్తువు కిందికి రావచ్చు. వ్యాపారికి లైసెన్సు ఉండాలి, దేశం దాటించకూడదు. ఆ బేరగాడికి లైసెన్సుందా?

చిత్రిక: గుమస్తా గారూ, బజార్లో యాభై ఏళ్ల కుర్చీని కూడా యాంటిక్ అనే అమ్ముతారు. పెట్టె వయసే తేలలేదు, అప్పుడే లైసెన్సా?

రిటైర్డ్ గుమస్తా: బజారు భాష వేరు, చట్టం వేరు. నూరేళ్లు నిండాలి. అంతే.

గోదారి గట్టు: నూరేళ్లు నిండిందని ఎవరు చెప్తారు? పెట్టె మీద పుట్టిన తేదీ రాసుంటుందా?

లంక కుర్రోడు: గీకి చూద్దామంటే రంగు అడ్డొస్తోంది. నీలం రంగు మూడు నాలుగు పొరలుంది.

చిత్రిక: రంగు వేశారా! ఇప్పుడా చెప్పేది?

లంక కుర్రోడు: మా ఇళ్లల్లో అన్నిటికీ సంక్రాంతికి ఎనామెల్ వేస్తారుగా అన్నా. అది కూడా చెప్పాలా?

చిత్రిక: బేరగాడు అందుకే వేలితో కొట్టి చూశాడు. రంగు గీకించకు, ఇసుక కాగితం అసలు పెట్టకు, పైపొర పోతే వస్తువు పోయినట్టే. అడుగున రంగు చేరని చోట చూడు. కాళ్ల దగ్గర ఉలి మొన గుచ్చు, మెత్తగా దిగితే కుళ్లిందన్నమాట.

రాజోలు ఆడపడుచు: లంకలో ఇల్లంటున్నారు, మరి 86 వరదలో మునగలేదా? భద్రాచలంలో 75.6 అడుగులొచ్చిన ఏడాది. మా పుట్టింట్లో ధాన్యం గాదె కొట్టుకుపోయింది, భోషాణం మాత్రం మట్టి పట్టి అలాగే ఉంది. అమ్మకండి తమ్ముడూ.

లంక కుర్రోడు: మునిగిందట అక్కా. జానెడు ఎత్తున మరక కూడా ఉంది.

గోదారి గట్టు: జానెడేమిటి! మా ఊళ్లో ఆ ఏడాది అరుగులు దాటి నడుం లోతు వచ్చింది.

రాజోలు ఆడపడుచు: మీది ఏ ఊరండీ?

గోదారి గట్టు: ముమ్మిడివరం పక్కన. ఆ ఆగస్టులో మేం స్కూల్ మేడ మీదే పడుకున్నాం.

రావులపాలెం బండి: వరద కబుర్లు వేరే పోస్టు పెట్టుకోండి. వెనక పలక ఏంటి?

లంక కుర్రోడు: వెనక గోడకి ఆనించి ఉంది, నలుగురు పడితే గాని జరగదు. అడుగున చూశా, మేకు తల పైకొచ్చింది, ప్లస్ స్క్రూలు ఒక బందుకే ఉన్నాయి. బేరగాడికి ఫోన్ చేస్తే నలభైకి వచ్చాడు. మావయ్య వచ్చాక చూస్తాం. థాంక్సండీ అందరికీ.

రావులపాలెం బండి: ఫోటో?